తగ్గిన బరువు నిలిచినదా? – స్థూలకాయ శస్త్రచికిత్స చరిత్ర

ఉగాదినాడు పంచాంగశ్రవణము చేయుట మన పెద్దల నుండి వచ్చిన ఆచారము. ఉన్న ఊరు విడిచి తరములు గడచినను మనవారు ఈ ఆచారమును విడువలేదు. ఆదాయమెంత, వ్యయమెంత అని ఎవరి రాశిఫలము వారు వినికొని సంతోషముతోనో, దిగులుతోనో ఇండ్లకు మరలుదురు. ఆ లెక్క ఒక్క యేటికి సంబంధించినది. ఈ సంచికలో మేము చెప్పబూనిన విషయమునకు మాత్రము ఒక్క యేటి లెక్క చాలదు. పదియేండ్లు, పదునైదేండ్లు, ఇరువదియేండ్లు ఓపికతో వ్రాసిపెట్టిన లెక్క కావలెను. ఆ విషయము స్థూలకాయమును తగ్గించుటకై జీర్ణకోశముపై చేయు శస్త్రచికిత్స. వైద్యులు దీనిని బేరియాట్రిక్ సర్జరీ అందురు.

నేడు చక్కెర వ్యాధియో, రక్తపుపోటో, మోకాళ్ల నొప్పియో లేని ఇల్లు మనలో అరుదు. వీటికి తోడు మితిమీరిన బరువు గలవారికి ఈ చికిత్సను సూచించుట నగరములలో సామాన్యమైనది. ప్రకటనలలో రెండు ఛాయాచిత్రములు ప్రక్కప్రక్కన వేయుదురు. ఒకటి కోతకు ముందుది, మరియొకటి ఏడాది తరువాతది. పదునైదేండ్ల తరువాత తీసిన మూడవ చిత్రము వాటి సరసన కనుపించుట అరుదు. ఆ మూడవ చిత్రము కొరకు వైద్యులు చేసిన అన్వేషణయే ఈ చికిత్సకు అసలైన చరిత్ర అని మా అభిప్రాయము.

మితిమీరిన లావు నిందకు గురియగుట నేటి మాట కాదు. చరకసంహిత సూత్రస్థానములో అష్టౌనిందితీయమను అధ్యాయము కలదు. లోకము నిందించు ఎనిమిది విధముల శరీరములలో అతిస్థూలము, అతికృశము కూడ చేరినవి. ఆ రెంటిని గురించియే అచట ఎక్కువ వివరమున్నది. అందులో ఒక మాట గమనింపదగినది. మేదస్సు మార్గములను అడ్డగింపగా వాయువు కోష్ఠములో ఎక్కువగా సంచరించి జఠరాగ్నిని రగుల్చుననియు, అందుచే తిన్నది త్వరగా జీర్ణమై మరల ఆకలి పుట్టుననియు చరకుడు చెప్పినాడు. అనగా స్థూలకాయుని ఆకలిని ఆయన వ్యాధిలో భాగముగా చూచినాడు. మనమో, లంకణము పరమౌషధమను సామెత ఒక్కటే జ్ఞాపకముంచుకొని, బరువు తగ్గనివానిని నోరు కట్టుకొనలేనివాడని ఎగతాళి చేయుచున్నాము. నోరు కట్టుకొని బరువు తగ్గినవారిలో పెక్కుమందికి కొన్ని సంవత్సరములలో అది తిరిగివచ్చుట వైద్యులు పదేపదే చూచినారు. ఈ శస్త్రచికిత్స ఆ నిరాశ నుండి పుట్టినది.

మూరెడు పేగు

1952లో స్వీడను దేశపు గోటెన్‌బర్గ్ నగరములో విక్టర్ హెన్రిక్సన్ అను శస్త్రవైద్యుడు స్థూలకాయ నివారణకై చిన్నపేగులో కొంతభాగమును కోసి తీసివేసిన సంగతిని ప్రకటించినాడు. 1954లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమునకు చెందిన క్రెమెన్, లిన్నర్, నెల్సన్ గార్లు మరియొక మార్గము చూపినారు. పేగును తీసివేయక, దాని మొదటి భాగమును తుదిభాగమునకు కలిపి, నడిమి భాగమునకు అన్నము పోకుండ దారి తప్పించుటయే ఆ పద్ధతి. తిన్నది ఒంటబట్టకపోయిన లావు దానంతట అదే తగ్గునని వారి ఊహ.

1960 నుండి 1980 వరకు అమెరికాలో ఈ తరహా కోతలు విరివిగా జరిగినవి. 1969లో లాస్ ఏంజిలిస్ వైద్యులు పేన్, డివిండ్ గార్లు ప్రకటించిన కొలతలు ప్రసిద్ధములు. పేగు పైభాగములో 14 అంగుళములు, తుదిభాగములో 4 అంగుళములు మాత్రమే అన్నము నడచు దారిగా ఉంచినారు. మొత్తము 18 అంగుళములు. అనగా సుమారు ఇరువది అడుగుల పేగులో మూరెడు మిగిలినది!

బరువు తగ్గినది. తగ్గిన బరువు చాలమందిలో నిలిచినది కూడ. నిలకడ ఒక్కటే గీటురాయి అయినచో ఈ కోత గెలిచినట్లే. కాని దాని వెల సంవత్సరములు గడచిన కొలది బయటపడినది. ఆగని విరేచనములు, మూత్రపిండములలో రాళ్లు, కీళ్ల నొప్పులు, కొందరిలో కాలేయము పూర్తిగా చెడుట మొదలగునవి కానవచ్చినవి. ఎందరికో మరల పొట్ట తెరచి పేగును మునుపటివలె కలుపవలసి వచ్చినది. కలిపినవారికి లావు తిరిగివచ్చినది. 1980 ప్రాంతమునకు వైద్యలోకము ఈ పద్ధతిని విడిచిపెట్టినది. బరువు నిలిచినదా అని మాత్రమే గాక, మనిషి ఆరోగ్యముతో నిలిచినాడా అని కూడ అడుగవలెనను పాఠము దీనివలన కలిగినది.

అయోవాలో మేసన్ గారి కృషి

అయోవా విశ్వవిద్యాలయములో ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడుండెను. అన్నకోశపు పుండ్లకై ఆ అవయవములో కొంతభాగమును తీసివేయుట ఆ రోజులలో సామాన్య చికిత్స. అట్టి కోత జరిగిన స్త్రీలు తరువాత ఎంతకాలము గడచినను సన్నగనే ఉండుట ఆయన గమనించినాడు. ఒక వ్యాధికి దోషముగా తోచినది మరియొక వ్యాధికి మందు కారాదా అని ఆలోచించి, 1966లో చికాషి ఇటో అను సహచరునితో కలిసి కొత్త కోత ప్రారంభించినాడు. అన్నకోశపు పైభాగమును చిన్న సంచిగా వేరుపరచి, దానిని తిన్నగా చిన్నపేగుతో కలుపుటయే ఆ కోత. గాస్ట్రిక్ బైపాస్ అని నేడు లోకము పిలుచుచున్నది దీనినే. దీని వివరము 1967లో ప్రచురితమైనది.

1977లో వార్డ్ గ్రిఫెన్ గారు పేగును పంగలకఱ్ఱ ఆకారములో కలిపి ఈ కోతను మెరుగుపరచినారు. పిత్తరసము పైకి ఎగదన్ని సంచిని బాధించుట ఇందువలన తగ్గినది. ఈ కూర్పును పూర్వము కనిపెట్టిన స్విట్జర్లాండు వైద్యుడు సీజర్ రూ గారి పేరిట దీనిని రూ కూర్పు అందురు.

మేసన్ గారు అచట ఆగలేదు. పేగును ముట్టకుండ, అన్నకోశమును నిలువుగా లోహపు కుట్లతో విభజించి, చిన్న సంచి ద్వారమునకు పట్టీ బిగించు పద్ధతిని 1980లో రూపొందించినాడు. ఇది సులువైనదగుటచే త్వరలోనే దేశదేశములకు వ్యాపించినది. మొదటి సంవత్సరముల ఫలితములు ఆశాజనకముగా నుండెను. కాలము గడచిన కొలది కొందరిలో కుట్లు విడిపోయినవి. అన్నము దిగక బాధపడువారు పానకములకు, మీగడ తీపులకు, మెత్తని పదార్థములకు అలవాటుపడినారు. ద్రవముగా జారిపోవు తీపికి ఇరుకు ద్వారము అడ్డుకాదు గదా! బరువు మరల పెరిగినది. ఈ పద్ధతియు క్రమముగా మరుగునపడినది.

మేసన్ గారి గొప్పతనము కోతలో మాత్రమే లేదు. కోత జరిగినవారి వివరములను ఏండ్ల తరబడి సేకరించు పట్టికను 1986లో ఆయనయే ప్రారంభించినాడు. తాను కల్పించిన పద్ధతి తప్పిపోయిన చోట్లు కూడ ఆ పట్టికలోనికి రావలెనని కోరుట సామాన్యుల పని కాదు. ఆయన నూరేండ్లు జీవించి 2020లో మరణించినాడు.

స్వీడను దేశపు లెక్క

ఎవరి రోగులను వారే లెక్కించుకొనిన లెక్కకు ఒక లోపము కలదు. బాగుపడినవాడు వైద్యుని వద్దకు సంతోషముతో వచ్చును. బరువు తిరిగి పెరిగినవాడు సిగ్గుపడి రాడు. రానివానిని వదలి వచ్చినవారినే లెక్కించిన ఫలితము బంగారమువలె మెరయును. ఈ లోపమును సవరించుటకు స్వీడనులో లార్స్ షోస్ట్రోమ్ గారి నాయకత్వమున 1987లో ఒక మహత్తర పరిశీలన ప్రారంభమైనది. 2010 మంది శస్త్రచికిత్స పొందినవారు, వారితో వయస్సు, బరువు మొదలగువాటిలో పోలికగల 2037 మంది సామాన్య చికిత్స పొందినవారు ఇందులో చేరినారు. చేరికయే 2001 వరకు సాగినది. వారిని చీట్లు వేసి విభజింపలేదు. కోత కోరుకొన్నవారికి కోత జరిగినది. ఈ పరిమితిని మనస్సులో నుంచుకొనియే ఫలితములు చదువవలెను.

శస్త్రచికిత్స పొందినవారి బరువు సగటున రెండవ యేట నూటికి 23 వంతులు తగ్గినది. పదవ యేట ఆ తగ్గుదల 17, పదునైదవ యేట 16, ఇరువదవ యేట 18. సామాన్య చికిత్స పొందినవారిలో ఇంతకాలములోను నూటికి ఒక వంతుకు మించి మార్పు లేదు. ఇరువదవ యేటి వరకు లెక్కకు అందినవారు కొద్దిమందియే అనుటయు నిజమే. ఈ వంతులను కిలోలలోనికి మార్చి చూతము. 120 కిలోల మనిషి రెండవ యేట సుమారు 92 కిలోలకు దిగును. పదవ యేటికి 100 కిలోల దరిదాపుకు తిరిగి పెరుగును. ఆ తరువాత ఇంచుమించు అచటనే నిలుచును. ఏడాది చిత్రమును చూచి ఆశపడినవానికి ఇది నిరాశ. కోతకు ముందు పదిసార్లు లంకణములు చేసి, పదిసార్లును ఓడినవానికి ఇది చిన్న విజయము కాదు.

ఇందులో నూటికి 68 మందికి జరిగినది పైన చెప్పిన మేసన్ గారి నిలువు కుట్ల పద్ధతి. బైపాస్ జరిగినవారిని విడిగా చూచిన ఫలితము మెరుగు. వారి తగ్గుదల మొదటి రెండేండ్లలో 32 వంతుల వరకు పోయి, పదునైదవ యేట 27 వంతుల వద్ద ఉన్నది.

చక్కెర వ్యాధి సంగతి ఇంతకంటె ఆలోచింపదగినది. కోతకు ముందు ఆ వ్యాధి ఉన్నవారిలో నూటికి 72 మందికి రెండవ యేట వ్యాధి లక్షణములు లేవు. పదునైదవ యేట అట్టివారు 30 మంది మాత్రమే. వ్యాధి పోయినదని రెండవ యేట పండుగ చేసికొని పరీక్షలు మానివేసినవాడు మోసపోవునన్నమాట. అయినను పోలిక బృందములో పదునైదవ యేట ఆ స్థితిలో ఉన్నవారు ఇంకను చాల తక్కువ.

మరణముల లెక్క 2007లో వెలువడినది. కోత జరిగిన బృందములో 101 మంది, రెండవ బృందములో 129 మంది అప్పటికి మరణించిరి. కోత జరిగిన తొంబది దినములలోపల 2010 మందిలో 5గురు చనిపోయినారు. ఈ అయిదుగురిని మరువరాదు. 2020లో ప్రకటించిన లెక్క ప్రకారము కోత పొందినవారు పోలిక బృందముకంటె సుమారు మూడేండ్లు ఎక్కువ జీవించుచున్నారు. సామాన్య ప్రజల ఆయుర్దాయమును మాత్రము వారును అందుకొనలేదు.

అమెరికాలోని యూటా రాష్ట్రములో ఆడమ్స్ గారి బృందము బైపాస్ పొందినవారిని పండ్రెండేండ్లు అనుసరించి 2017లో ఫలితము ప్రకటించినది. సగటు తగ్గుదల రెండవ యేట 45 కిలోలు, ఆరవ యేట 36.3, పండ్రెండవ యేట 35. ఇచటను మొదట దిగుట, కొంత ఎక్కుట, పిమ్మట నిలుచుట అను మూడు మెట్లు స్పష్టముగా నున్నవి. అదే బృందము 2007లో మరియొక సంగతి కూడ తెలిపినది. వ్యాధులచే మరణించుట బాగుగా తగ్గినను, ప్రమాదములు, ఆత్మహత్యలు మొదలగు ఇతర కారణములచే మరణించుట నూటికి 58 వంతులు అధికము. పొట్టకు కోత పెట్టినంతమాత్రమున మనస్సులోని బరువు దిగదు. ఇంటివారు దానిని కూడ కనిపెట్టి ఉండవలెను.

కనుపించనివారు

అన్నకోశమునకు పైన సిలికోన్ పట్టీ బిగించు పద్ధతి 1990 తరువాత యూరపులోను, 2001 తరువాత అమెరికాలోను విశేష ప్రచారము పొందినది. బ్రస్సెల్స్ నగరములో హింపెన్స్ గారి బృందము తాము తొలిదినములలో పట్టీ వేసిన 151 మందిని పండ్రెండేండ్లు దాటిన తరువాత వెదకినది. దొరకినవారు 82 మంది. వారిలో దాదాపు సగముమందికి పట్టీని తీసివేయవలసి వచ్చినది. దొరకని 69 మంది గతి ఏమైనదో ఎవరు చెప్పగలరు?

నేడు మన దేశములో విరివిగా జరుగుచున్న స్లీవ్ పద్ధతి వీటి తరువాతది. ఇందులో అన్నకోశపు పెద్దభాగమును నిలువుగా కోసి తీసివేసి, మిగిలినదానిని గొట్టమువలె చేయుదురు. ఫిన్లాండులో 2008 – 2010 నడుమ 240 మందిని చీట్ల పద్ధతిపై స్లీవ్, బైపాస్ అను రెండు బృందములుగా విభజించి పదేండ్లు చూచినారు. 2022లో ప్రకటించిన ఆ ఫలితములో బరువు తగ్గుదల రెంటిలోను బాగుగనే నిలిచినది. బైపాస్ కొంచెము మిన్న. అన్నవాహికలో ఆమ్లపు వాపు స్లీవ్ పొందినవారిలో నూటికి 31 మందికి, బైపాస్ పొందినవారిలో 7గురికి కనుపించినది. ఛాతిలో మంట గలవారు కోతకు ముందే ఈ సంగతి వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

ఆకలి ఎక్కడ పుట్టును?

చిన్న సంచిలో ఎక్కువ పట్టదు గనుక బరువు తగ్గునని మొదట అనుకొన్నారు. కథ అంతటితో ముగియలేదు. 1999లో జపానులో కొజిమా, కంగావా గార్లు అన్నకోశము నుండి పుట్టి ఆకలిని రేపు గ్రెలిన్ అను హార్మోనును కనిపెట్టినారు. 2002లో సియాటిల్ నగరమందలి కమ్మింగ్స్ గారి బృందము దీనిని కొలిచి చూచినది. తిండి తగ్గించి చిక్కినవారిలో గ్రెలిన్ పెరిగినది. బైపాస్ వలన చిక్కినవారిలో అది మిక్కిలి తక్కువగా నుండెను. తరువాతి పరిశీలనలన్నియు ఒకే తీరున లేకపోయినను, లంకణము చేసిన శరీరము పోయిన బరువును తిరిగి రాబట్టుటకై ఆకలిని పెంచుననుట స్థిరపడినది. బైపాస్ తరువాత భోజనము చేయగానే పేగు నుండి తృప్తిని కలిగించు హార్మోనులు ఎక్కువగా వెలువడుట కూడ రుజువైనది. చరకుడు జఠరాగ్ని అన్నదానికిని, నేటి శాస్త్రము చెప్పుదానికిని వివరములలో పోలిక లేకపోవచ్చును. ఆకలి కేవలము మనోబలమునకు సంబంధించినది కాదనుటలో మాత్రము ఇద్దరిదియు ఒకే మాట.

ఆ హార్మోనులలో ఒకదానిని అనుకరించి చేసిన సెమాగ్లుటైడ్ ఇంజెక్షను స్థూలకాయమునకై 2021లో అమెరికాలో అనుమతి పొందినది. మందు మానిన ఏడాదిలో తగ్గిన బరువులో సుమారు మూడింట రెండు వంతులు తిరిగివచ్చుట 2022లో ప్రకటితమైనది. కోతయైనను, మందైనను ప్రశ్న ఒక్కటే. ఎంతకాలము?

భీమవరపు బిడ్డ

ఈ చరిత్రలో మన తెలుగువారికి ఒక బంధుత్వము కలదు. బైపాస్ జరిగినవారికి ఇనుము, బి12, ఫోలిక్ ఆమ్లము, కాల్షియము, విటమిన్ డి మొదలగునవి ఒంటబట్టుట తగ్గును. కనుక జీవితాంతము వీటిని మందుగా పుచ్చుకొనవలెను. వీటిలో ఫోలిక్ ఆమ్లము కథ మన ఇండ్లకు దగ్గరది. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అను ఆంగ్లేయ వైద్యురాలు బట్టల మిల్లులలో పనిచేయు పేద గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారములోని ఒక పదార్థము దానిని కుదుర్చునని 1931లో ప్రకటించినది. మన నేతపనివారెందరో పొట్టకూటికై చేరిన మిల్లులవి. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలినది. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దానిని కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరములో పుట్టి, మద్రాసులో వైద్యము చదివి, అచటి ఆయుర్వేద కళాశాలలో పాఠములు చెప్పి, సముద్రము దాటిన మహనీయుడాయన. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అను గ్రహణి వ్యాధికి బలియైనారు. తిన్నది ఒంటబట్టక మనిషి క్షీణించు వ్యాధియది. ఏ స్థితి ఆయన సోదరులను పొట్టనబెట్టుకొన్నదో, దానినే కొంతవరకు కోరి కలిగించు చికిత్స ఇది. అందుచేతనే కోత తరువాత విటమినులు మానరాదనుట. మాంసాహారము ముట్టనివారు బి12 విషయములో మరింత మెలకువతో నుండవలెను.

మనము చేయదగినది

ఎవరికి ఈ చికిత్స తగును? కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తు యొక్క వర్గముతో భాగింపగా వచ్చునది శరీర భార సూచిక. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సభ 40 దాటినవారికిని, తీవ్రవ్యాధులున్నచో 35 దాటినవారికిని దీనిని సూచించినది. 160 సెంటీమీటర్ల ఎత్తు గలవారికి 40 అనగా సుమారు 102 కిలోలు. 2022లో రెండు శస్త్రవైద్య సంఘములు కలసి ఈ హద్దులు తగ్గించి, ఆసియా ప్రజలకు 27.5 నుండియే ఆలోచింపవచ్చుననినవి. తక్కువ బరువుననే మనకు చక్కెర వ్యాధి వచ్చుట ఇందుకు కారణము. హద్దు తగ్గినదని తొందరపడుట మాత్రము తగదు. మన దేశపు బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకములు పాత హద్దులనే పాటించినవి. కనుక కోతకు ముందే బీమా పత్రమును చదివించుకొనుట మేలు.

కోతకు సమ్మతించువారు వైద్యుని అడుగవలసినది, మొదటి యేట ఎంత తగ్గుదుననుట ఒక్కటే కాదు. పదియేండ్ల క్రిందట మీ వద్ద కోత జరిగినవారిలో ఎందరు నేటికిని మీకు కనుపించుచున్నారని కూడ అడుగవలెను. మనబోటి వలసజనులకు ఇది మరింత ముఖ్యము. ఉద్యోగములకై ఊరూరు తిరుగు మనము ఒక ఊరిలో కోత, ఇంకొక ఊరిలో కాపురముగా బ్రదుకుచున్నాము. ఊరు మారునపుడు బియ్యపు డబ్బాలు కట్టుకొన్నంత శ్రద్ధతో ఆసుపత్రి కాగితములు కూడ కట్టుకొనవలెను. ఏ పద్ధతి కోత జరిగినదో తెలుపు పత్రము లేనిచో కొత్త వైద్యుడు చీకటిలో తడవులాడవలసి వచ్చును. ఏటేటా రక్తపరీక్ష మానరాదు. బరువు కొంత తిరిగి పెరిగినచో సిగ్గుపడి దాగక, ముందుగా వైద్యుని వద్దకే పోవలెను. ఆ కొంత పెరుగుట చాలమందిలో సహజమని పైలెక్కలు చెప్పుచున్నవి గదా.

బంధుమిత్రులు చేయదగినది కూడ కలదు. మన పంక్తిలో మర్యాదయనగా కొసరి కొసరి వడ్డించుట. ఈ పండుగ పంక్తిలో ఎవరైన రెండు ముద్దలకే చేయి ఆపినచో మారు వడ్డింపక ఊరకుండుడు. మరియొకరు బొబ్బట్టుకై చేయి చాచినచో, అంత ఖర్చుపెట్టి కోయించుకొని మరల ఇదేమని అనకుడు. ఆ ఒక్క మాటకు వెరచి వైద్యుని గడప తొక్కక మరుగైపోయినవారి వలననే మూడవ ఛాయాచిత్రము దొరకుట ఇంత కష్టమైనది. సభ్యులందరికిని నూతన సంవత్సరము ఆయురారోగ్యములు ప్రసాదించుగాక అని కోరుచున్నాము.